ప్రసూతి వైరాగ్యమట!

శ్మశాన వైరాగ్యం, పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం అని మూడింటిని ఒక గాట కట్టి చెబుతారు మన పెద్దలు. మూడూ నిలిచేవి కావని తాత్పర్యం. పాడె మోసినవాడు ఏట్లో మునిగి లేచేసరికి మొదటిది, పురాణం విన్నవాడు ఇల్లు చేరేసరికి రెండవది ఆవిరైపోతాయి. "ఇక ఈ జన్మకు చాలు" అని పురిటి మంచం మీద ఒట్టు పెట్టుకున్న ఆడది ఏడాది తిరిగేసరికి మళ్ళీ నెల తప్పుతుంది. వినడానికి ముచ్చటగానే ఉంది. అయితే మొదటి రెండూ అనుభవించినవాడు చెప్పిన మాటలు. మూడవది మాత్రం తలుపుకు ఇవతల నిలబడినవాడు చెప్పినదని నా గట్టి అనుమానం.

తొలి కాన్పుకు ఆనవాయితీ ప్రకారం మైలవరంలోని మా పుట్టింటికి వచ్చాను. అర్ధరాత్రి దాటాక నొప్పులు మొదలైతే జి.కొండూరు, ఇబ్రహీంపట్నం మీదుగా బెజవాడ వెళ్ళి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. పేరు అనవసరం, నా తగవు ఒక్క భవనంతో కాదు. కారులో ఉన్నంతసేపూ అమ్మ నా నడుం నిమురుతూనే ఉంది. నొప్పి వచ్చినప్పుడు ఆమె చెయ్యి బిగించి పట్టుకోవడం, తగ్గినప్పుడు వదలడం. ఆ వరస కుదిరాక భయం కూడా కొంత తగ్గింది. ఆసుపత్రి మెట్లెక్కగానే ఆ చెయ్యి విడిపించారు. కన్నతల్లి అయినా సరే, లోపలికి రాకూడదట.

లోపల వెల్లకిలా పడుకోబెట్టారు. నడుస్తానంటే వద్దన్నారు, మంచినీళ్ళడిగితే వద్దన్నారు. నొప్పులు పెంచే మందు సెలైనులో కలిపి ఎక్కించారు. ఎందుకని అడిగితే జవాబు లేదు. దానితో నొప్పికీ నొప్పికీ నడుమ ఊపిరి తీసుకునే వ్యవధి పోయింది. అరిచాను. "అప్పుడు లేని అరుపులు ఇప్పుడెందుకమ్మా?" అన్నదొక నర్సు. పక్కనున్నామె నవ్వింది. ఇది నా ఒక్కదానికే దక్కిన సత్కారమనుకున్నాను కానీ, తరువాత నా ఈడువాళ్ళు ముగ్గురికి చెబితే ఇద్దరు తమకూ అదే మాట, అక్షరం పొల్లు పోకుండా, దక్కిందన్నారు.

ఉదయం పది గంటలకు "ఇక తెరుచుకోవడం లేదు, ఆపరేషను చేసేద్దాం" అన్నారు. సంతకం బయటకు పోయి మావారి చేత పెట్టించుకొచ్చారు. నాకు స్పృహ ఉంది, చదువుంది, కుడి చెయ్యి ఖాళీగానే ఉంది! మత్తులో ఉన్న వయోజనురాలి తరఫున కన్నతల్లి ఇచ్చిన అనుమతి కూడా, ప్రాణాపాయం లేనప్పుడు, చెల్లదని సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో 2008లోనే చెప్పింది. మరి మెలకువగా ఉన్నదాని మాటేమిటి?

వైద్యమే వద్దనే మూర్ఖత్వం నాకు లేదు. మా నాయనమ్మ తొలి కాన్పులోనే పోయిన తన చెల్లెలిని తలుచుకోని పండుగ లేదు. మంత్రసానుల కాలాన్ని స్వర్ణయుగమనేవారితో నాకు పొత్తు కుదరదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001-03 నాటికి లక్ష జననాలకు 195 మంది తల్లులు పోతుండగా, 2018-20 నాటికి మన రాష్ట్రంలో అది 45కు దిగింది. ఆసుపత్రులకు దణ్ణం పెట్టవలసిందే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశం మొత్తం మీద సిజేరియన్లు 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. మన ప్రైవేటు ఆసుపత్రులలో 63, ప్రభుత్వాసుపత్రులలో 26.6. ఒకే జిల్లా ఆడవాళ్ళ కటి ఎముకలు గేటు మారగానే ఇరుకైపోతాయా?

గంటకొక సెంటీమీటరు తెరుచుకోకపోతే కాన్పు ఆగినట్టేనన్న లెక్క 1950లలో న్యూయార్కులో ఫ్రీడ్‌మన్ అనే వైద్యుడు గీసిన గీత నుండి వచ్చింది. ఆ వేగం అందుకోలేదన్న ఒక్క కారణంతో జోక్యం చేసుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది. అసలైన కాన్పు నొప్పుల దశ అయిదు సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుందనీ, తొలిచూలుకు ఆ దశ పన్నెండు గంటల దాకా పట్టవచ్చనీ కూడా చెప్పింది. నేను చేరినప్పుడు మూడు. పన్నెండు గంటలు కాచుకుని కూర్చోవడం ఒక్క డాక్టరున్న నర్సింగుహోముకు గిట్టుబాటు కాదు. ఆపరేషను గంటలో తేలుతుంది, బిల్లూ పెరుగుతుంది. (పంచాంగం చంకన పెట్టుకుని, ఫలానా నక్షత్రంలో కొయ్యమని డాక్టరును బతిమాలే మనవాళ్ళకు ఆమెను తప్పుపట్టే హక్కు లేదనుకోండి. అది వేరే పురాణం.)

అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది ఆ తలుపు. తోడుగా ఒక మనిషి ఉంటే మామూలు కాన్పులు పెరుగుతాయనీ, కోతలు తగ్గుతాయనీ పదిహేను వేలకు పైగా స్త్రీలపై జరిగిన 26 అధ్యయనాలను గుదిగుచ్చి 2017లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. ప్రభుత్వాసుపత్రులలో తోడు మనిషిని అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. ఖర్చు లేని మందు ఇది. బహుశా అందుకే మందుగా కనిపించదు కాబోలు.

ఇవన్నీ చెప్పబోతే "బిడ్డ మొహం చూడగానే మరిచిపోతావులే" అంటారు. పాపకు మూడేళ్ళు. దాని మొహం రోజూ చూస్తున్నాను, ఏదీ మరిచిపోలేదు. మొన్న సంక్రాంతికి మైలవరంలో మా పెద్దమ్మ, "రెండోది ఎప్పుడే?" అని అడిగింది.

"అమ్మను లోపలికి రానిచ్చే ఆసుపత్రి దొరికినప్పుడు, పెద్దమ్మా" అన్నాను.