కాయలు కోసుకుంటే చెట్టును దాచుకున్నట్లా?

పలాస దాటి మందస రోడ్డు చేరేలోగా సుమ్మాదేవి అనే చిన్న స్టేషను వస్తుంది. దాని సమీపంలోని ఒక పల్లెలో నాకు పితృతుల్యులైన విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులొకరున్నారు. ఉద్యోగ విరమణ తరువాత ఆయన ఆరేళ్ళపాటు ఉద్దానం ఊళ్ళు తిరిగారు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో, పడవల దగ్గర ముసలివాళ్ళు వాడే మాటలను సేకరించి, వాళ్ళ గొంతులతో సహా కంప్యూటరులో భద్రపరచుకున్నారు. 'భద్రపరచుకున్నారు' అన్న క్రియాపదం ఎంత అబద్ధమో ఒకనాటి ఉదయం తెలిసింది. ముందురోజు రాత్రి విండోసు తన నవీకరణ తాను చేసుకుంటూండగా కరెంటు పోయింది. తెల్లవారాక మీట నొక్కితే నల్లని తెర, దాని మీద రెండు వరుసల ఆంగ్లం.

ఆయన ఆ యంత్రాన్ని పట్నంలోని ఒక దుకాణానికి పంపారు. సాయంత్రానికి అది తిరిగి వచ్చింది. తెచ్చిన కుర్రవాడు సంతోషంగా, "ఫార్మాట్ కొట్టీసేను మేస్టారూ! ఇంక కొత్తదాన్లాగే పరిగెడతాది" అన్నాడు.

"మరి నా మాటలో?" అని అడిగారట ఆయన.

సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు పుట్టిన జిల్లా ఇది. ఆ జిల్లాలో ఆరేళ్ళ మాటల పంట ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయింది. ఆ కుర్రవాణ్ణి నేను నిందించను. అతనికి నేర్పిన వైద్యం అదొక్కటే. ఏ రోగానికైనా తల తీసేసి కొత్త తల అతికించడమే చికిత్స అనుకునే మన సమాజాన్ని నిందిస్తున్నాను. చదువుకున్నవాళ్ళమై ఉండీ, ఇంట్లో ఒక రక్షణ పెన్‌డ్రైవు ఉంచుకోని మీ వంటివాళ్ళనూ, అంతవరకు ఆయనకు ఆ సంగతి చెప్పని నన్నూ నిందిస్తున్నాను.

జరిగిన నష్టం ఎంత అనవసరమైనదో చూడండి. డిస్కు చెడలేదు. దస్త్రాలు చెడలేదు. యంత్రాన్ని నిద్రలేపే చిన్న భాగం మాత్రమే దెబ్బతిన్నది. అటువంటప్పుడు పెన్‌డ్రైవు నుండి నేరుగా మేల్కొనే లినక్సు ఒకటి చేతిలో ఉంటే, లోపలి విండోసును తాకకుండానే డిస్కును తెరిచి, దస్త్రాలన్నిటినీ మరో డిస్కులోకి ఎత్తుకోవచ్చు. దానికి గంటసేపు చాలు. ఫార్మాటు చేసి, మళ్ళీ విండోసు ఎక్కించిన తరువాత మాత్రం ఆశ సన్నగిల్లుతుంది. అందులోనూ అది ఎస్‌ఎస్‌డీ అయితే, ఖాళీ అయిందని చెప్పిన జాగాను తానే శుభ్రం చేసుకుంటుంది. ఏ పునరుద్ధరణ సాఫ్టువేరూ దాన్ని తిరిగి తేలేదు.

"అంత అవసరమా?" అనే పెద్దమనుషులకు రెండు ఉదాహరణలు. 2017 మే నెలలో వన్నాక్రై అనే దోపిడీ వైరసు ప్రపంచమంతా వ్యాపించినప్పుడు, మన రాష్ట్రంలో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకూ తాళాలు పడ్డాయి. ఆ జాబితాలో శ్రీకాకుళం జిల్లా కూడా ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక దోషపూరితమైన నవీకరణ వలన సుమారు 85 లక్షల విండోసు యంత్రాలు లేవలేక కుప్పకూలాయి. శంషాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేతితో రాసి ఇచ్చారు. అప్పుడు మైక్రోసాఫ్టు అందించిన ఉపాయాలలో ఒకటేమిటో తెలుసా? పెన్‌డ్రైవు నుండి మేల్కొని, ఆ చెడు దస్త్రాన్ని తొలగించే సాధనం! అంతటి సంస్థ కూడా చివరకు పెన్‌డ్రైవునే ఆశ్రయించింది. మనకు అది నామోషీ అయింది.

ఇక "నావన్నీ గూగుల్‌లో ఉన్నాయి" అనేవారు. అయ్యా, సమన్వయం వేరు, భద్రత వేరు. మీరు ఇక్కడ పొరపాటున చెరిపినది అక్కడా చెరుగుతుంది. ఇక్కడ వైరసు తాళం వేసినది అక్కడా తాళంతోనే చేరుతుంది. పాత కూర్పులు కొన్నాళ్ళు ఉంచుతారన్నది నిజమే. ఆ గడువు వాళ్ళది, మీది కాదు. ఉచితంగా ఇచ్చిన చోటు ఎంతకాలం నిలుస్తుందో జియోసిటీసులో పుటలు కట్టుకున్నవారిని అడగండి. 2009 అక్టోబరులో దాన్ని మూసివేశారు. మరొక మాట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లూ జీడిచెట్లూ వేళ్ళతో సహా పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను లేదు. ఆ రోజుల్లో ఆకాశంలో దాచుకున్న దస్త్రాలు ఆకాశంలోనే ఉండిపోయాయి.

"ముఖ్యమైన ఫోల్డర్లు కాపీ చేసుకున్నాను, చాలదా?" అన్నది కొంత బుద్ధిమంతుల ప్రశ్న. దీనికి ఉద్దానం రైతే సమాధానం. కాయలు కోసి ఇంట్లో పోసుకోవడం ఒక పని. చెట్టును వేరుమట్టితో సహా ఎత్తి, మరోచోట నాటగలగడం ఇంకొక పని. ఫోల్డర్ల నకలు మొదటిది. డిస్కు ప్రతిబింబం, అంటే ఇమేజి, రెండవది: విండోసు, అందులో మీరు అమర్చుకున్న కీబోర్డులు, ఖతులు, లెక్కల సాఫ్టువేరు, దాని అనుమతులు, యంత్రాన్ని లేపే భాగం, అన్నీ ఉన్నవి ఉన్నట్లు. డిస్కు పోయిన రోజున కొత్త డిస్కు బిగించి, ఆ ఇమేజిని పరిస్తే, నిన్నటి యంత్రం తిరిగి వస్తుంది. తిత్లీ తరువాత కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్ళు పట్టింది. కంప్యూటరు విషయంలో ఆ నిరీక్షణ అక్కరలేదు. అయినా మనం దాన్నే కోరి తెచ్చుకుంటున్నాము.

చేయవలసినది పెద్ద తపస్సేమీ కాదు. యంత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే రక్షణ పెన్‌డ్రైవు తయారు చేసుకోవాలి. క్లోనెజిల్లా గాని, దాని ఇమేజిలనే చదువుతూ బొమ్మల తెరతో సులువుగా ఉండే రెస్క్యూజిల్లా గాని ఉచితంగా దొరుకుతాయి. దిగుమతి చేసిన ఐఎస్‌ఓ దస్త్రాన్ని మామూలుగా పెన్‌డ్రైవులో పడేస్తే అది యంత్రాన్ని లేపదు. నూటికి తొంభైమంది బోల్తాపడేది ఇక్కడే. రూఫస్ వంటి పనిముట్టుతో దాన్ని 'రాయాలి'. రాసేటప్పుడు ఆ పెన్‌డ్రైవులోని పాత సామాను పోతుందని గుర్తుంచుకోవాలి. తరువాత దానితో ఒకసారి యంత్రాన్ని లేపి చూడాలి. ఏ మీట నొక్కితే లేపే సాధనాల జాబితా వస్తుందో, ఒక్కో కంపెనీది ఒక్కో ఆచారం. తెలుసుకుని కాగితం మీద రాసిపెట్టుకోవాలి. బిట్‌లాకర్ తాళం ఉంటే దాని 48 అంకెల రికవరీ కీని కూడా ఆ కాగితం మీదే రాసి, ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులతో కలిపి బీరువాలో పెట్టాలి. ఆ అంకెలు లేకపోతే మీ డిస్కు మీకే పరాయిది.

ఇమేజిని తీసేది బయటి డిస్కులోకి. తీశాక సరిచూడమని అడిగితే సరిచూడనివ్వండి, బద్ధకించకండి. వేమన పద్యాలను వెలికితీసిన సి.పి. బ్రౌను తాటాకు ప్రతులెన్నో తెప్పించి, పండితులచేత నకళ్ళు రాయించి, ఒకదానితో ఒకటి సరిపోల్చి చూపించాడు. సరిచూడని ప్రతి ప్రతి కాదని ఆయనకు రెండువందల ఏళ్ళ క్రితమే తెలుసు. పని కాగానే ఆ డిస్కును ఊడదీసి పక్కన పెట్టాలి. యంత్రానికి తగిలించే ఉంచిన నకలును వైరసూ విడిచిపెట్టదు, పిడుగూ విడిచిపెట్టదు. మరో నకలు మరో ఊళ్ళో, బంధువుల ఇంట, ఉంటే ఇంకా మేలు. డిస్కు టకటకమని చప్పుడు చేస్తూ చావుకు సిద్ధంగా ఉంటే మాత్రం ఈ మార్గం కాదు. వెంటనే ఆపేసి, డీడీరెస్క్యూ తెలిసినవారికి అప్పగించాలి. చెడిన చోట్లను దాటుకుంటూ, దొరికినంత ముందు దక్కించుకునే ఉపాయం దానికే తెలుసు.

ఒక హెచ్చరిక. సాధనాలకూ ఆయువు ఉంటుంది. ఒకనాడు ఇంటింటా వినబడిన నార్టన్ ఘోస్టు 2013లో నిలిచిపోయింది. మాక్రియం వారి ఉచిత కూర్పుకు 2024 జనవరితో కాలం చెల్లింది. ఏ ఇమేజి అయినా, దాన్ని తెరిచే సాధనం కూడా దాని పక్కనే ఉండాలి. తాళంచెవిని పెట్టెలోనే పెట్టి తాళం వేసుకునే తెలివి మనకు వద్దు.

తాళ్ళపాక వారు అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు. ముప్పై రెండు వేలని సంప్రదాయం చెప్పే ఆ సంకీర్తనలలో సగానికి తక్కువే మనకు దక్కాయి. రాగిరేకులే అంత పోగొట్టుకుంటే, మన డిస్కులెంత! అయినా ఆ దక్కినవి దక్కడానికి కారణం ఎవరో ఒకరు ముందుగానే తలచి, ఖర్చుకు వెనుదీయక, చెక్కించి ఉంచడమే. వాన వెలిశాక గొడుగు కొన్నవాడెవడూ దేన్నీ కాపాడలేదు.

మేస్టారు మళ్ళీ ఊళ్ళు తిరుగుతున్నారు. మొదటిసారి ఆయనకు మాటలు చెప్పిన ముసలివాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. ఆ గొంతులను ఏ క్లోనెజిల్లా తీసుకురాలేదు. ఆయన బీరువాలో మాత్రం ఇప్పుడొక పెన్‌డ్రైవూ, ఒక బయటి డిస్కూ, ఒక కాగితమూ ఉన్నాయి.

మీ బీరువాలో ఏమున్నదో ఈ ఆదివారం ఒకసారి తెరిచి చూడండి.