వేసుకున్న మాత్ర ఎటు పోతుంది?

మందుల చీటీ మీద డాక్టరుగారు ఒక మాత్రకు ‘పరగడుపున’ అని రాస్తారు. ఇంకోదానికి ‘భోజనం తరవాత’ అంటారు. ఒకటి మూడు పూటలా వెయ్యాలి, మరొకటి రోజుకొక్కటే. అత్తగారికీ, మావగారికీ, పిల్లలకీ వేళకు మందు అందించేది మనమే కదా! ఈ లెక్కలు ఎవరు కట్టారు, ఎలా కట్టారు అని ఎప్పుడైనా అనుకున్నారా? ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం. చివర్లో ఇంటికి పనికొచ్చే జాగ్రత్తలు ఇస్తున్నాను. కత్తిరించి మందుల డబ్బా మూతకు లోపలివైపు అంటించుకోండి.

లోపల జరిగేదేమిటి?

మాత్ర మింగాక నాలుగు పనులు జరుగుతాయి. మొదటిది, కడుపులో కరిగి పేగుల గోడల్లోంచి రక్తంలోకి ఎక్కడం. రెండోది, రక్తంతోపాటు ఒళ్ళంతా వ్యాపించడం. మూడోది, కాలేయం దాన్ని విరగ్గొట్టి రూపం మార్చడం. నాలుగోది, మూత్రంలోనో మలంలోనో బయటికి పోవడం.

పేగుల్లోంచి బయల్దేరిన మందు ముందుగా కాలేయం గుమ్మం దాటాలి. కొన్ని మందుల్లో చాలా భాగం అక్కడే ఖర్చయిపోతుంది. కళ్ళంలోనే బాకీలన్నీ కొలిచిచ్చేశాక ఇంటికి చేరే ధాన్యం ఎంతో, ఒంటికి చేరే మందు కూడా అంతే! గుండెనొప్పి వచ్చినప్పుడు ఇచ్చే చిన్న మాత్రను మింగనివ్వకుండా నాలుక కింద పెట్టుకోమనేది ఇందుకే. నోటి లోపలి పొరలోంచి అది నేరుగా రక్తంలో కలుస్తుంది, కాలేయం చేతికి చిక్కదు.

ఎలా కొలుస్తారు?

ఆరోగ్యంగా ఉన్న కొంతమందిని ఎంచుకుంటారు. రాత్రి నుంచి పది గంటలపాటు ఏమీ తిననివ్వరు. పొద్దున్నే గ్లాసుడు నీళ్ళతో మాత్ర వేయిస్తారు. చేతి నరంలో సన్నటి గొట్టం పెట్టి ఉంచి, మొదట్లో పావుగంటకీ అరగంటకీ, తరవాత గంటకీ రెండు గంటలకీ కొంచెం కొంచెం రక్తం తీస్తారు. మందును బట్టి ఒక రోజో, రెండు మూడు రోజులో ఇలా సాగుతుంది. ఆ రక్తాన్ని గిర్రున తిప్పే యంత్రంలో పెడితే, మజ్జిగ మీద తేట తేరినట్టు పైన పలచటి ద్రవం మిగులుతుంది. అందులో మందు ఎంతుందో పరికరాలు చెబుతాయి. గ్రాములో వంద కోట్లవ వంతును కూడా అవి పట్టేస్తాయి!

ఒకవైపు గంటలు, ఒకవైపు రక్తంలో మందు వేసి గీత గీస్తే అది కొండలా లేచి మెల్లగా దిగుతుంది. ఆ కొండ ఎత్తెంత, ఎన్ని గంటలకు శిఖరానికి చేరింది, గీత కింద జాగా మొత్తం ఎంత అని చూస్తారు. ఒంటికి మొత్తం మీద ఎంత మందు అందిందో ఆ జాగా చెబుతుంది. ఇక నాలుగోది, రక్తంలో మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం. దీన్నే అర్ధజీవిత కాలం అంటారు.

మన చీటీలోని లెక్కంతా చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంది. అమాక్సిసిలిన్ సుమారు గంటలో సగమైపోతుంది, కనుక మూడు పూటలా వెయ్యాలి. అజిత్రోమైసిన్‌కు దాదాపు 68 గంటలు పడుతుంది, కనుక రోజుకొక్కటి, మూడు నుంచి అయిదు రోజులు చాలు. పారాసిటమాల్‌కు రెండు మూడు గంటలు. అందుకే పిల్లాడి జ్వరం దిగినట్టే దిగి నాలుగైదు గంటల్లో మళ్ళీ వస్తుంది. థైరాయిడ్ మాత్రకు ఏకంగా వారం పడుతుంది. మోతాదు మార్చిన మర్నాడే గుణం కనబడలేదని బెంగపడేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఆరు వారాలాగి పరీక్ష చేయించమనేది ఇందుకే.

మన తార్నాకలో జరిగిన పని

ఎల్బీ నగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా తార్నాక వెళితే జాతీయ పోషకాహార సంస్థ వస్తుంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఒకే ఒక్క గదిలో మొదలైన సంస్థ అది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఇప్పటి పేరు 1969లో పెట్టారు. అక్కడ పనిచేసి, తరవాత ఆ సంస్థకే డైరెక్టరయిన డాక్టర్ కమలా కృష్ణస్వామిగారు ఒక మంచి ప్రశ్న వేశారు. కడుపునిండా తినేవాళ్ళ మీద కొలిచి పెట్టిన మోతాదు, అర్ధాకలితో ఉండేవాళ్ళకు సరిపోతుందా?

ఆవిడా, ఆవిడ తోటివాళ్ళూ పోషణ చాలని మనుషుల్లో మందులు ఎలా నడుస్తాయో ఏళ్ళ తరబడి కొలిచారు. ఈ విషయం మీద ఆవిడ రాసిన పెద్ద సమీక్షా వ్యాసం 1978లో అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. తేలిందేమిటంటే, మనిషి తిండిని బట్టి కూడా మందు నడక మారుతుంది. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను కొన్ని మందులను పట్టుకుని మోస్తుంది. అది తగ్గితే పట్టుబడని మందు ఎక్కువై, మామూలు మోతాదే తీవ్రంగా పనిచెయ్యొచ్చు. బాగా క్షీణించినవాళ్ళలో కాలేయం పని మందగించి కొన్ని మందులు ఒంట్లోనే నిలిచిపోతాయి. కాస్త తక్కువ పోషణ ఉన్నవాళ్ళలో కొన్ని మందులు మామూలుకంటే త్వరగా బయటికి పోతాయి కూడా. అందరికీ ఇద్దామని చివర్లో తను మిగిలింది తినే ఆడవాళ్ళం మనం. ఈ ప్రశ్న మనది కాక ఇంకెవరిది, చెప్పండి!

పేరు వేరు, మందు ఒకటే

ఇవాళ మన హైదరాబాదు మందుల తయారీకి పెద్ద కేంద్రం. ఇక్కడ ఈ రక్తం కొలత పరీక్షలు ఎక్కువగా జరిగేది జెనరిక్ మందుల కోసం. అసలు కంపెనీ మందునూ, తక్కువ ధర మందునూ అదే మనిషికి కొన్నాళ్ళ ఎడంతో ఇచ్చి, రెండు కొండలూ ఒకేలా ఉన్నాయా అని చూస్తారు. ఇరవై ముప్ఫై మందిలో కొలిచిన లెక్క 80 నుంచి 125 శాతం హద్దుల మధ్యే పడాలి. పడితే రెండూ సమానమని ఒప్పుకుంటారు. నీళ్ళలో సరిగా కరగని తరగతుల మందులకు ఈ పరీక్ష తప్పనిసరి అని మన దేశంలో 2017 ఏప్రిల్‌లో నియమం వచ్చింది.

తక్కువ ధరకు బీపీ మాత్ర దొరుకుతోందంటే, ఎవరి బిడ్డో ఒక మంచం మీద పడుకుని గంట గంటకూ రక్తం ఇచ్చాడన్నమాట.

మా వైపు దిల్‌సుఖ్‌నగర్ అంతా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. ఆ మధ్య మా వీధిలో ఒకావిడ వచ్చి, “అక్కా, మావాడు దోస్తులతో కలిసి మందుల పరీక్షకు పోతానంటుండు. రెండు శని ఆదివారాలు పండుకొని వస్తే పైసలిస్తరంట. కోచింగ్ ఫీజు కట్టొచ్చు అంటుండు. పంపమంటవా?” అని అడిగింది. ముందు వాళ్ళిచ్చిన కాగితం తెమ్మన్నాను. ముగ్గురం కూర్చుని తెలుగు ప్రతిని ఆసాంతం చదివాం. ఇటీవల ఇలాంటి పరీక్షలో పాల్గొన్నవారు రాకూడదు అన్న మాట దగ్గర ఆ అబ్బాయి తల దించుకున్నాడు. నెల కిందటే ఇంకోచోటికి వెళ్ళొచ్చాడట. తల్లికి నోట మాట రాలేదు.

సాధారణంగా రెండు పరీక్షల మధ్య మూడు నెలలు గడవాలి. తీసిన రక్తం మళ్ళీ ఊరాలి, మొదటి మందు ఒంట్లోంచి పూర్తిగా పోవాలి. దాచిపెట్టి వెళితే ప్రమాదం ఆ అబ్బాయికి ఒక్కడికే కాదు. ఆ కొలత తప్పితే, రేపు ఆ మాత్ర మింగే ముసలాయనకూ ప్రమాదమే. ఆ మాట విన్నాక అబ్బాయి వెళ్ళలేదు. ఫీజుకు వాళ్ళమ్మ చిట్టీ ఎత్తింది.

ఇంకో సంగతి కూడా ఆవిడకు చెప్పాను. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ నుంచి కూలి పనులు చేసుకునే ఆడవాళ్ళను మియాపూర్‌లోని ఒక పరీక్షా కేంద్రానికి తీసుకువచ్చారు. రొమ్ము క్యాన్సర్‌కు వాడే మందును వాళ్ళకిచ్చి కొలతలు తీశారు. వాళ్ళలో కొందరు జబ్బుపడ్డారు. దేనికి తీసుకెళుతున్నారో తమకు సరిగా చెప్పలేదని వాళ్ళు వాపోయారు. పెద్ద గొడవై విచారణ జరిగింది, ఆ కేంద్రం పని ఆపించారు. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే చివరి స్టేషను మియాపూరే. ఒకే ఊళ్ళో ఉంటూ మనకు తెలియనివి ఎన్ని!

2019లో కొత్త నియమాలు వచ్చాయి. మీ ఇంట్లోగానీ, పనికి వచ్చే అమ్మాయి ఇంట్లోగానీ ఎవరైనా ఇలా వెళతామంటే ఇవి అడగమనండి. ఈ పరీక్షకు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? ఏ మందు, దేనికి వాడతారు, ఇబ్బందులేమిటి? అది మనకు తెలిసిన భాషలో రాసి, ఒక ప్రతి చేతికిస్తారా? మధ్యలో వద్దనుకుంటే వచ్చెయ్యవచ్చా? పరీక్ష వల్ల జబ్బుచేస్తే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని నియమం ఉంది. అది కాగితంలో రాశారా? తీసుకెళ్ళే దళారీ చెప్పే జవాబులు చాలవు, అక్కడి డాక్టరే చెప్పాలి.

డబ్బా మూతకు అంటించుకోవలసినవి

1. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వెయ్యండి. కాఫీ, టిఫిను అరగంట నుంచి గంట తరవాతే. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

2. ఐరన్ మాత్ర టీతో వద్దు, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసం మేలు.

3. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్‌లాంటి యాంటీబయాటిక్స్ పాలతో, పెరుగుతో ఇవ్వకండి. పాలలోని కాల్షియం వాటిని పట్టేసుకుంటుంది.

4. క్షయకు వాడే రిఫాంపిసిన్, గర్భనిరోధక మాత్రను కాలేయంలో త్వరగా ఖర్చు చేయించేస్తుంది. ఆ రెండూ వాడుతున్నవాళ్ళు తప్పక డాక్టరుకు చెప్పాలి. సిగ్గుపడితే నష్టం మనకే.

5. పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్. అని ఉన్న మాత్రలు నెమ్మదిగా కరిగేలా చేసినవి. మింగలేకపోతున్నారని నూరి ఇస్తే రోజంతటి మందూ ఒక్కసారే దిగుతుంది.

6. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు ఆకుకూరలు మానక్కర్లేదు. అయితే ఒక వారం రోజూ పాలకూర, మరో వారం అసలే లేకుండా చెయ్యకండి. ఎప్పుడూ ఒకే పాటిగా వండండి.

7. పిల్లలకు పారాసిటమాల్ బరువును బట్టి ఇవ్వాలి. జలుబు సిరప్‌లోనూ అదే ఉండొచ్చు, అట్ట మీద చదవండి. రెండూ కలిస్తే కాలేయానికి ముప్పు.

8. పెద్దవాళ్ళకు కిడ్నీ పరీక్ష కాగితం డాక్టరుకు ప్రతిసారీ చూపించండి. కిడ్నీలు మందగిస్తే పాత మోతాదే ఎక్కువ కావచ్చు.

మోతాదు మీ అంతట మీరు మార్చకండి. సందేహం వస్తే మాత్రల అట్ట పట్టుకెళ్ళి డాక్టరునో, మందుల షాపులో ఫార్మసిస్టునో అడగండి. అడగడానికి మొహమాటపడకండి.