రెండుసార్లు చెప్పాక

"ఏమ్మా, కాస్త గట్టిగా చెప్పొచ్చుగా?"

సిమ్యులేషన్ ల్యాబ్‌లో శిక్షణ ముగిశాక ఒక నర్సింగ్ విద్యార్థినికి ఎదురైన మొదటి ప్రశ్న ఇది. మంచం మీద బాలింత బొమ్మ, దాని కింద పైపులోంచి ఎర్రనీళ్లు. మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ పిల్లలు కలిసి ఆమెను కాపాడాలి. అందరికంటే ముందు ప్రమాదం గమనించింది ఈ పిల్లే. "సార్, బ్లీడింగ్ ఆగట్లేదు" అంది. కాసేపాగి మళ్లీ అంది. మానిటర్ చూస్తున్న ఆ 'సార్', ఆమెకంటే ఏడాది చిన్నవాడు, తల తిప్పలేదు. తర్వాత చర్చలో అతన్నెవరూ ఏమీ అడగలేదు. తప్పంతా ఆమె గొంతుదే!

ఈ శిక్షణకు నేను వ్యతిరేకిని కాను. బొమ్మ దగ్గర తప్పు చేస్తే ప్రాణం పోదు. కలిసి పనిచేయాల్సినవాళ్లు కలిసి చదువుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. నా గొడవల్లా ఎవరికి ఏం నేర్పుతున్నాం అన్నదే. అమెరికాలో 2006లో వచ్చిన 'టీమ్‌స్టెప్స్' శిక్షణలో ఒక నియమముంది: ప్రమాదం కనిపిస్తే, పట్టించుకోకపోతే, కనీసం రెండుసార్లు చెప్పాలి. మా అమ్మాయిలకు ఇది కంఠతా వచ్చు. దానికి రెండో సగం కూడా ఉంది. అవతలివాళ్లు విన్నామని తిరిగి చెప్పి తీరాలి. ఆ సగాన్ని ఎవరు మింగేశారు?

2005లో ఇంగ్లండ్‌లో ఎలేన్ బ్రోమిలీ చిన్న సైనస్ ఆపరేషన్‌కు వెళ్లింది. మత్తిచ్చాక ఊపిరందలేదు. ఒక నర్సు గొంతు దగ్గర దారి చేసే సామాను తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది. మరో నర్సు ఐసీయూలో మంచం అడిగి ఉంచింది. డాక్టర్లు నోట్లోంచి గొట్టం వేసే ప్రయత్నంలోనే మునిగిపోయారు. కొద్దిరోజులకు ఆమె చనిపోయింది. పైలట్ అయిన ఆమె భర్త పట్టుబట్టాడు గనక సంగతి లోకానికి తెలిసింది. ఆ నర్సులనీ గట్టిగా అరవలేదేమని అడుగుదామా?

మా హాస్టల్లో అమ్మాయిలు గట్టిగా నవ్వితే వార్డెన్ పిలిపిస్తుంది. అదే అమ్మాయి ల్యాబ్‌లో గట్టిగా మాట్లాడలేదని మార్కులు పోగొట్టుకుంటుంది. ఆ ఎర్రనీళ్లు తుడిచిన ఆయమ్మ సంగతి సరేసరి. నిజం లేబర్ రూములో తడిసిన బట్టను మొదట చూసేది ఆమే అయినా, మన 'టీమ్'లో ఆమెకు చోటే లేదు.

మార్కుల పట్టిక అడిగి తెప్పించుకున్నాను. 'స్పష్టంగా చెప్పడం'కి గడి ఉంది. వినడానికి లేదు. "అది ఫార్మాట్‌లో లేదు మేడమ్" అన్నారు.

పెన్నుతో ఒక గడి గీసి, ఆ అబ్బాయి పేరుకెదురుగా సున్నా వేసి ఇచ్చాను. వచ్చే బ్యాచ్‌కి ఆ గడి అచ్చులో రావాలి.