డబ్బాలొస్తే ఫాంట్.. ప్రశ్నార్థకాలొస్తే?

ఇంటర్వ్యూలో మీ ముందు ఓ స్క్రీన్‌షాట్ పెట్టారనుకోండి. జపాన్ కస్టమర్ పేరు ఉండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు. ‘దీన్నెలా సరిచేస్తావ్?’ అని అడిగారు. మనలో చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటే.. ‘జపనీస్ ఫాంట్ ఇన్‌స్టాల్ చేస్తాను సార్’ అని.

ఆ జవాబు తప్పు. ఒకప్పుడు నేనూ అదే అనుకున్నా. అనుకోవడమే కాదు, దానివల్ల తలదించుకున్నా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో జపాన్ క్లయింటు పంపిన ఎక్సెల్ ఫైలును సీఎస్‌వీగా మార్చి డేటాబేస్‌లోకి ఎక్కించే పని నాకిచ్చారు. ఎక్సెల్‌లో పేర్లన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. ‘సేవ్ యాజ్’ కొట్టి మామూలు సీఎస్‌వీ ఎంచుకున్నా. ఏదో హెచ్చరిక వస్తే చదవకుండానే ‘ఎస్’ నొక్కేశా. పని అయిపోయింది కదా అని షేర్డ్ ఫోల్డర్‌లోని అసలు ఫైల్ తీసేశా. మర్నాడు చూస్తే పేర్లన్నీ ప్రశ్నార్థకాలే! సాయంత్రం దాకా ఫాంట్ల మీద ఫాంట్లు మారుస్తూ కూర్చున్నా. చివరికి మా సీనియర్ అక్క వచ్చి ఒకే ఒక్క మాట అడిగింది.. ‘అసలు ఫైల్ ఉందా?’ లేదు. క్లయింటుకు క్షమాపణ చెప్పి, మళ్లీ పంపమని అడుక్కోవాల్సి వచ్చింది.

అందుకే చెబుతున్నా. తెర మీద అక్షరం చెడిపోయినప్పుడు దాన్ని బాగుచేసే చిట్కాలు ఎవరైనా వెతుకుతారు. ఎక్కడ చెడిందో చూపించగలవాళ్లే తక్కువ. కంపెనీకి కావాల్సింది ఆ రెండో రకం మనిషి. కాలేజీలో నాలుగేళ్లు ప్రోగ్రామింగ్ చదివీ ఈ సంగతి తెలియకుండా బయటికి రావడం మన చదువుల్లో లోటే. కానీ అది తీర్చుకోవడానికి మీకు ఒక వారం చాలు.

ముందు తేడా తెలియాలి

కంప్యూటర్‌కు అక్షరాలు రావు, అంకెలే వచ్చు. ఏ అంకెల వరుసకు ఏ అక్షరమో చెప్పే ఒప్పందం పేరు ఎన్‌కోడింగ్. ఆ అక్షరాన్ని తెర మీద గీసి చూపించే బొమ్మల పెట్టె ఫాంట్. ఈ రెండూ వేర్వేరు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే సగం పని అయినట్టే.

జపాన్ 1978లోనే తన లిపికి జాతీయ ప్రమాణం పెట్టుకుంది. చిక్కేమిటంటే, దాదాపు ఒకే అక్షరాల పట్టికను బైట్లుగా రాసే పద్ధతులు మూడు పాతుకుపోయాయి. పీసీల్లో షిఫ్ట్-జిస్, యూనిక్స్ మెషీన్లలో ఈయూసీ-జేపీ, ఈ-మెయిళ్లలో ఐఎస్‌వో-2022-జేపీ. తర్వాత యూనికోడ్ వచ్చింది, దాన్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 వచ్చింది. ఒక పద్ధతిలో రాసినదాన్ని మరో పద్ధతిలో చదివితే కంగాళీయే. దీనికి జపాన్‌వాళ్లు పెట్టుకున్న పేరు ‘మోజిబాకే’. మోజి అంటే అక్షరం, బాకే అంటే రూపు మారిపోవడం. వాళ్ల భాషలో దెయ్యాన్ని ‘ఒబాకే’ అంటారు, ఇదీ అదీ ఒకే మాట నుంచి పుట్టాయి.

ఒక ఉదాహరణ చూడండి. జపాన్ దేశం పేరు వాళ్ల లిపిలో రెండే అక్షరాలు. షిఫ్ట్-జిస్‌లో నాలుగు బైట్లు, యూటీఎఫ్-8లో ఆరు బైట్లు. యూటీఎఫ్-8లో రాసిన ఆ ఆరు బైట్లను షిఫ్ట్-జిస్ అనుకుని చదివితే, సంబంధం లేని రెండు చిత్రాక్షరాలూ వాటి పక్కన రెండు చిన్న గుర్తులూ వస్తాయి. రెండు అక్షరాలు నాలుగయ్యాయి. కానీ గమనించండి, బైట్లు మాత్రం చెక్కుచెదరలేదు. చదివిన తీరే తప్పు.

నాలుగు లక్షణాలు.. నాలుగు రోగాలు

డాక్టర్ నాలుక చూసి జబ్బు అంచనా వేసినట్టు, తెర చూసి మీరు ఈ నాలుగింటిని విడదీయగలగాలి.

ఒకటి, ఖాళీ డబ్బాలు. ఇది ఫాంట్ లోపం. డేటా భద్రంగా ఉంది, గీసి చూపించడానికి బొమ్మే లేదు. ఫాంట్ వేస్తే సరి. విండోస్ ఎక్స్‌పీ కాలంలో తూర్పు ఆసియా భాషల ఫైళ్లు విడిగా ఎక్కించుకోవాల్సి వచ్చేది. ‘జపనీస్ అంటే ఫాంట్ సమస్య’ అన్న నమ్మకం బహుశా అప్పటి నుంచే మిగిలిపోయింది.

రెండు, అర్థంపర్థం లేని అక్షరాల గుంపు. ఇది చదవడంలో పొరపాటు. ఇక్కడ మీరు చేయకూడని పని ఒకటుంది, సేవ్ నొక్కడం. ఫైల్ మూసేసి సరైన ఎన్‌కోడింగ్‌తో మళ్లీ తెరవండి. ఎక్సెల్ అయితే సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ చేయకుండా, డేటా ట్యాబ్ నుంచి దిగుమతి చేసుకుంటూ ఫైల్ మూలం దగ్గర యూటీఎఫ్-8కు 65001, షిఫ్ట్-జిస్‌కు 932 ఎంచుకోవాలి.

మూడు, ప్రశ్నార్థకాలు. నా కొంప ముంచింది ఇదే. ఏ దశలోనో జపనీస్ అక్షరాలకు చోటులేని ఎన్‌కోడింగ్‌లోకి డేటాను మార్చారు. పట్టని ప్రతి అక్షరం బదులూ ఒక ప్రశ్నార్థకం కూర్చుంది. ఫైల్లోనే అవి నమోదైపోతే ఏ ఫాంటూ ఏ ప్రోగ్రామూ వెనక్కి తేలేవు. అసలు ఫైల్ ఒక్కటే దిక్కు. ఎక్సెల్ నుంచి పంపేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకుంటే ఈ గండం తప్పుతుంది.

నాలుగు, అక్షరం సరైనదే గానీ రూపం పరాయిది. చైనా, జపాన్ లిపుల్లో ఉమ్మడిగా ఉన్న చాలా అక్షరాలకు యూనికోడ్ ఒకే సంఖ్య ఇచ్చింది. రెండు దేశాల్లో వాటిని రాసే తీరులో మాత్రం చిన్న తేడాలున్నాయి. ‘ఎముక’ అని అర్థమిచ్చే అక్షరమే తీసుకోండి, పైభాగంలో చిన్న మెలిక అటు తిరగాలా ఇటు తిరగాలా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. వెబ్ పేజీలో భాష జపనీస్ అని చెప్పకపోతే బ్రౌజర్ చైనా ఫాంట్‌తో చూపించవచ్చు. మనకు తేడా తెలియదు, టోక్యోలో కూర్చున్న కస్టమర్‌కు మాత్రం వెంటనే కంట్లో పడుతుంది.

‘జపనీస్ రాకుండా ఇవన్నీ ఎలా పట్టుకుంటాం?’ అంటారా? ఒక కిటుకు చెబుతా. మామూలు జపనీస్ వాక్యంలో బరువైన చిత్రాక్షరాల మధ్య గుండ్రటి, తేలికైన హిరగానా అక్షరాలు తప్పక కనిపిస్తాయి. అవేమీ లేకుండా గజిబిజి చిత్రాక్షరాలూ సగం వెడల్పు గుర్తులూ వరసగా ఉంటే అనుమానించండి. హిరగానా మూల అక్షరాలు 46, కటకానా కూడా అన్నే. తెలుగు ఒత్తులూ గుణింతాలూ నేర్చుకున్న మనకు అదేం లెక్క?

మనకిది కొత్త కాదు

డీటీపీ సెంటర్లో అను లాంటి పాత ఫాంట్లో కొట్టించిన శుభలేఖ మ్యాటర్‌ను వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. తెలుగు మాయమై ఇంగ్లిష్ అక్షరాల పిచ్చిగీతలు వస్తాయి. అక్కడ ఇంగ్లిష్ సంఖ్యలకే తెలుగు బొమ్మలు తొడిగారు కాబట్టి, ఫాంట్ ముసుగు తీయగానే అసలు రంగు బయటపడుతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరాన్ని, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిపి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. సంక్లిష్టమైన లిపిని పట్టించుకోకపోతే ఎంత పెద్ద కంపెనీకైనా తిప్పలు తప్పవని చెప్పడానికి మన అక్షరమే సాక్ష్యం.

అంటే ఇంగ్లిష్ ఒక్కటే వాడే ఇంజినీర్‌కు లేని అనుభవం మనకు ఊరికే దక్కింది. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీల ప్లాంట్లు ఉన్న రాష్ట్రంలో, జపాన్ క్లయింట్ల పనిచేసే ఐటీ ఆఫీసులున్న నగరాల్లో ఆ అనుభవాన్ని పనికిరానిదిగా వదిలేయడం ఎందుకు?

‘ఇప్పుడంతా యూనికోడే కదా, మిగిలింది ఏఐ చూసుకుంటుంది’ అనే మిత్రులున్నారు. కొత్తగా కట్టినవాటి వరకూ చాలామటుకు నిజమే. కానీ పాత సిస్టమ్‌ల నుంచి షిఫ్ట్-జిస్ ఫైళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఇక ఏఐ అంటారా, ప్రశ్నార్థకంగా మారిన పేరును అది ఊహించగలదేమో గానీ తిరిగి తేలేదు. ఊహించిన పేరుతో బిల్లు పంపుతారా?

ఈ వారం చేయండి

ఒక చిన్న ప్రాజెక్టు పెట్టుకోండి. పేరు అడిగే ఫారం, దాన్ని దాచే డేటాబేస్, వెతికే పెట్టె, సీఎస్‌వీగా, పీడీఎఫ్‌గా దించుకునే బటన్లు. అందులో మీ పేరు తెలుగులో, ఒక జపాన్ పేరు జపనీస్‌లో ఇచ్చి, ప్రతి దశలోనూ అక్షరం నిలిచిందో లేదో చూడండి. ‘తెలుగు’ అన్న మాట యూటీఎఫ్-8లో 18 బైట్లు. కాలమ్ పొడవును బైట్లలో లెక్కపెట్టే చోట పేరు మధ్యలో తెగుతుందేమో పరీక్షించండి. యోషిదా అన్న ఇంటిపేరు మొదటి అక్షరానికి ఒక అరుదైన రూపముంది, దానికి నాలుగు బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8’ అనే పాత అమరికలో మూడు బైట్ల అక్షరాల వరకే చోటు. ‘యూటీఎఫ్8ఎంబీ4’ పెడితేనే అది నిలుస్తుంది. ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో, ఎలా సరిచేశారో ఒక పేజీలో రాసిపెట్టుకోండి.

రెజ్యూమెలో పది టూల్స్ పేర్లు రాయడం కంటే ఆ ఒక్క పేజీకే నేను విలువిస్తా. ఎందుకంటే అక్షరం అంటే ఎక్కువసార్లు ఒక మనిషి పేరు. బ్యాంకు ఖాతాలోనో, ఆసుపత్రి రికార్డులోనో మీ పేరు బదులు నాలుగు ప్రశ్నార్థకాలు కనిపిస్తే మీకెలా ఉంటుంది? టోక్యోలో ఆయనకూ అలాగే ఉంటుంది.

రేపు ఇంటర్వ్యూలో ఆ స్క్రీన్‌షాట్ చూపిస్తే ఫాంట్ మాట ఎత్తకండి. ముందు మీరే ఎదురు ప్రశ్న వేయండి.. ‘అసలు ఫైల్ ఉందా సార్?’