తాజంగి ఒడ్డున టెంట్ ఎవరిది, మడి ఎవరిది?



డిసెంబర్‌లో సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే మన హాస్టల్ నుంచి ఆరుగురం మూడు బండ్ల మీద బయల్దేరాం. విశాఖ నుంచి నర్సీపట్నం, అక్కడ ఘాట్ ఎక్కి లంబసింగి, రాత్రికి తాజంగి రిజర్వాయర్ ఒడ్డున టెంట్లలో బస, తెల్లారి చింతపల్లి, జి.మాడుగుల, పాడేరు మీదుగా వెనక్కి. ఫోటోలు స్టేటస్‌ల్లో మీరందరూ చూసే ఉంటారు. మంచు, నీళ్లు, మంట చుట్టూ మేము. ఫోటోల్లో పడని సంగతి ఒకటుంది, ఈ పోస్టు దాని గురించే.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. మేం ఆరుగురం ఏజెన్సీలో పుట్టినవాళ్లమే. చలికాలం పొయ్యి పక్కన చాప వేసుకుని పడుకున్నవాళ్లమే. మన కొండల్లో మనం అద్దె కట్టి పడుకోవడం మాత్రం ఇదే మొదటిసారి. సరదాగానే అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఘాట్ ఎక్కుతున్నప్పుడు మాలో హిస్టరీ చదివే అన్న ఒక మాట గుర్తుచేశాడు. బ్రిటిష్ కాలంలో ఈ గూడెం కొండలకు రోడ్లు వేయించింది మన తాతల చేతే. డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా, బలవంతంగా పని చేయించుకున్నాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొరల దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడిందని అందరికీ తెలుసు. ఆ కోపం వెనక ఈ రోడ్డు కూలి కూడా ఉందని మాత్రం లంబసింగి వచ్చి టీ తాగి వెళ్లే వాళ్లలో ఎందరికి తెలుసు? వాళ్లకు ఇది 'ఆంధ్రా కాశ్మీర్'. మనకు కొర్రబయలు. బయట పడుకుంటే కొయ్యలా బిగుసుకుపోతారని మన పెద్దవాళ్లు పెట్టిన పేరు అది. అంత మంచి పేరు ఉండగా కాశ్మీర్‌ను అరువు తెచ్చుకోవడం ఎందుకో మాకు అర్థం కాదు.

లంబసింగి నుంచి ఆరేడు కిలోమీటర్లు పోతే తాజంగి. మేం దిగేసరికి సాయంత్రం. వరి కోసేసిన మడిలో వరసగా ఇరవై టెంట్లు. ఇద్దరికి ఒక టెంట్, రాత్రికి 1,000 రూపాయలు. రిజిస్టర్‌లో పేర్లు రాయమన్నారు. మావాడు ఒకడు ఇంటిపేరు 'కిల్లో' అని రాస్తే, కట్టెలు మోసుకొచ్చిన కుర్రాడు తొంగి చూసి నవ్వాడు. "మాదీ పులి గోత్రమే అన్నా" అన్నాడు. ఇక అక్కడి నుంచి మేం కస్టమర్లం కాదు, అన్నలం అయిపోయాం.

భోజనాలయ్యాక మంట దగ్గర మాతోపాటు కూర్చున్నాడు. ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో ఆపేశాడట. "ఈ టెంట్లు ఎవరివి తమ్ముడూ?" అని అడిగాం. కింద నుంచి వచ్చిన ఒకాయనవి అన్నాడు. "మరి మడి?" కాసేపు మంటలో పుల్ల కదిపి, "మా నాన్నది" అన్నాడు.

సీజన్ మొత్తానికి, అంటే నవంబర్ నుంచి జనవరి దాకా, ఆ నాన్నకు ఇచ్చింది 15,000. కట్టెలు మోసి, నీళ్లు తెచ్చి, రాత్రంతా కాపలా ఉన్నందుకు తమ్ముడికి రోజుకు 300. మాలో కామర్స్ చదివే చెల్లి అక్కడే లెక్క వేసింది. ఇరవై టెంట్లు నిండితే ఒక్క శనివారం రాత్రికి 20,000. మూడు నెలలకు ఇచ్చిన అద్దె ఒక్క రాత్రిలో తిరిగి వచ్చేసి ఇంకా మిగులుతుంది. ఖర్చులు తీసేసినా లెక్క పెద్దగా మారదు. ఆ తర్వాత మాకెవరికీ పాటలు పెట్టబుద్ధి కాలేదు. నిజానికి అంతకుముందే స్పీకర్ ఆపేశాం. చెరువు అవతలి ఇంట్లో తాత చనిపోయి పెద్దదినం ఇంకా కాలేదని తమ్ముడు చెప్పాడు. మనమే అయినా టూరిస్టుగా వెళ్తే టూరిస్టులాగే తయారవుతాం అని అప్పుడు తెలిసింది.

ఇక్కడ మన గ్రూప్‌లో రెండు వాదనలు వస్తాయని మాకు తెలుసు. ఒకటి, టూరిస్టులే వద్దు, రోడ్డు మూసేయాలి అని. చెరువు గట్టు మీద పగిలిన సీసాలు చూసినప్పుడు మాకూ అదే అనిపించింది. ఆ నీళ్లే కింద మడులకు పోతాయి, ఆ గాజు ముక్కల్లోనే మన పశువులు నడుస్తాయి. కానీ స్ట్రాబెర్రీ అమ్మే అక్కకు, గుడ్లు ఉడకబెట్టి అమ్మే పిన్నికి ఆ మూడు నెలలే చేతిలో డబ్బు ఆడేది. వాళ్లను అడగకుండా రోడ్డు మూయమనడానికి మనం ఎవరం?

రెండోది, "మనవాళ్లే ఇష్టపడి ఇచ్చారు కదా" అని. దీనికి జవాబు చట్టంలోనే ఉంది. మనం 1/70 అని పిలుచుకునే భూబదలాయింపు నిబంధన అమ్మకం ఒక్కదాన్నే ఆపలేదు. 'బదలాయింపు' అనే మాటకు అందులో ఇచ్చిన అర్థంలో తాకట్టు, దానం, మార్పిడితో పాటు లీజు కూడా ఉంది. షెడ్యూల్డ్ ఏరియాలో మన భూమిని గిరిజనేతరుడికి లీజుకిస్తే అది చెల్లదు. నోటిమాట మీద ఇచ్చామన్నా, కాగితం మన బంధువు పేరు మీదే ఉందన్నా, వెనక నడిపేవాడు వేరే అయితే దాన్ని బినామీ అనే అంటారు. 1997లో సమతా తీర్పు ప్రభుత్వాన్ని కూడా ఈ లెక్కలోంచి వదల్లేదు. గనుల కోసం కోర్టు దాకా వెళ్లి గెలిచినవాళ్ల పిల్లలం, టెంట్ గుంజల దగ్గర ఓడిపోతున్నాం.

అయితే ఆ నాన్నను తప్పు పట్టడానికి మాకు నోరు రావడం లేదు. ఇరవై టెంట్లు కొనే పెట్టుబడి ఆయన దగ్గర లేదు. ఆన్‌లైన్‌లో బుకింగ్ పెట్టడం రాదు. ఎవరో వచ్చి ముందుగా నోట్లు చేతిలో పెడితే తీసుకున్నాడు. సంతలో షావుకారు పసుపుకి, చింతపండుకి ముందే అప్పిచ్చి తన ధరకే తీసుకుపోయినప్పుడు మన తాతలూ ఇలాగే ఇచ్చారు. ఆ పద్ధతికి అడ్డంగానే 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. ఇప్పుడు అడవి సరుకు బదులు మంచును, చెరువును చూపించి అమ్ముతున్నారు, తూకం మాత్రం మళ్లీ వాళ్ల చేతిలోనే.

మరి పెట్టుబడి ఎక్కడిది అంటారు. మేం అడిగిన ఊళ్లో మూడు డ్వాక్రా సంఘాలున్నాయి, అప్పు తీసుకుని తీర్చిన సంఘాలే. ఇరవై అక్కర్లేదు, ఐదు టెంట్లతో మొదలుపెట్టొచ్చు. వంట అమ్మలది, బుకింగ్ ఫోన్ మన చదువుకున్న పిల్లలది, మడి అద్దె మడి ఉన్నవాళ్లది. పీసా చట్టం చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని చెబుతోంది. ఆ సెక్షన్ పట్టుకుని గ్రామసభలో చెరువు గట్టు గురించి తీర్మానం అడగొచ్చు: ఎన్ని టెంట్లు, ఎక్కడ దాకా, సీసాలు ఎవరు ఏరాలి, పార్కింగ్ డబ్బు ఎవరికి. ఇది రేపే అయిపోతుందని మేం అనడం లేదు. సంఘంలో తగాదాలొస్తాయి, లెక్కల దగ్గర మాటామాటా వస్తుంది. అయినా ఆ తగాదా మనలో మనం పడేది, రోజుకు 300 కోసం పడేది కాదు.

తెల్లవారుజామున టెంట్ జిప్ తీస్తే చెరువు కనిపించలేదు, అంతా పొగమంచే. తమ్ముడు గొంగడి కప్పుకుని ఆరిపోయిన మంట ఊదుతున్నాడు. బయల్దేరేటప్పుడు 1/70 కాపీ తెలుగులో ఉంటే పంపమని నంబర్ ఇచ్చాడు. పాడేరు చేరి సిగ్నల్ దొరకగానే పంపాం. మర్నాడు జవాబు వచ్చింది: "నాన్నకు చదివి వినిపించాను అన్నా. ఏం మాట్లాడలేదు. రెండోసారి చదవమన్నాడు."

జనవరి 26న వాళ్ల ఊళ్లో గ్రామసభ. మాలో ముగ్గురం వెళ్తున్నాం. రెండు బండ్లు, ఒక సీటు ఖాళీ. చింతపల్లి, జి.కె.వీధి వైపు వాళ్లు, లా చదివేవాళ్లు ఎవరైనా వస్తే ముందు రోజు రాత్రికల్లా చెప్పండి. స్వెట్టర్ మర్చిపోవద్దు.