ఇరవై వేల ప్రోనోటు

తెలిసిన తాపీమేస్త్రీ ఒకతను ఈ వారం ఒక కవరు పట్టుకొచ్చాడు. కూతురి పురుడుకని రూ.20,000 ప్రోనోటు మీద తెచ్చాడట, నూటికి రెండు రూపాయల వడ్డీ. లాయరు నోటీసు వస్తే గూట్లో పెట్టాడు. సమన్లు వస్తే అవీ గూట్లోకే వెళ్లాయి. ఇప్పుడొచ్చింది ఈపీ నోటీసు, అంటే డిక్రీ అమలు చెయ్యమనే పిటిషన్‌ది. డిక్రీ ఎప్పుడో అయిపోయింది.

‘ప్రోనోటుకు మూడేళ్లే కదండీ, ఊరుకుంటే కాలదోషం పడుతుందన్నారు’ అన్నాడు. ఈ సగం తెలిసిన మాట ఎన్ని ఇళ్లు ముంచుతుందో! గడువులోగా కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. ఆఖరి రోజున దావా వేసినా చెల్లుతుంది. వాయిదాకి వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ. ఇక దాన్ని అమలు చేయించుకోవడానికి 12 ఏళ్లు. ఆస్తి జప్తు చెయ్యొచ్చు. డిక్రీ సొమ్ము రూ.5,000 దాటితే మూడు నెలల దాకా సివిల్ జైలుకూ పంపొచ్చు. జైలు నుంచి వచ్చినా బాకీ బాకీగానే ఉంటుంది.

కట్టలేని పేదవాణ్ణి పేదరికానికే జైల్లో పెట్టకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. గొప్ప తీర్పు. కానీ తనకేమీ లేదని జడ్జి ముందుకొచ్చి చెప్పుకోవాలి కదా! మొదటి సమన్లకే వెళ్లి అడిగితే వాయిదాల మీద కట్టుకోనిచ్చే అధికారం కోర్టుకుంది. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు చెయ్యమనడానికి 30 రోజులుండేవి. అవీ పోయాయి. నెలకు 400 చొప్పున మూడేళ్ల వడ్డీయే 14,400, పైన కోర్టు ఖర్చులు.

అతన్ని తిట్టబుద్ధి కాలేదు. ఆ కాగితాల్లో ఏముందో తెలిస్తే కదా! ఇద్దరూ తెలుగువాళ్లు. ప్రోనోటు తెలుగులో రాసుకున్నారు, సాక్షులు తెలుగులో సంతకాలు చేశారు. నోటీసు మాత్రం రెండు పేజీలూ ఇంగ్లీషు! ఇదివరకూ రాశాను, మళ్లీ రాస్తున్నాను: మనిషి ఇల్లూ ఒళ్లూ కోర్టుకు అప్పగించే కాగితం అతనికి అర్థమయ్యే భాషలో ఉండాలి. బంగారం తాకట్టు వేలం నోటీసులూ అంతే, బ్యాంకు అప్పు పత్రాలూ అంతే. ఎక్కడ పెట్టమంటే అక్కడ వేలిముద్ర వేసి వస్తున్నారు జనం.

ప్రతి సమన్ల మీదా పైన పెద్ద అక్షరాల్లో తెలుగులో రెండు మాటలు అచ్చు వెయ్యండి. ఫలానా తేదీన రాకపోతే మీ మాట వినకుండానే డిక్రీ ఇస్తారని ఒకటి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళితే ఆడవాళ్లకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా, మిగతా పేదలకు ఆదాయాన్ని బట్టి, ఉచితంగా లాయర్ని ఇస్తారని రెండోది.