రాయితీ ఎవరికి? పొదుపు ఎవరిపై?

ఆర్థిక మందగమనంలో ఖజానా సొమ్ము ఎవరి చేతికి చేరాలి? 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించింది. ఏటా 1.45 లక్షల కోట్ల రూపాయల రాబడి వదులుకుంటున్నామని తానే ప్రకటించింది. కొనేవారే కరువైతే, పన్ను తగ్గిందని ఏ యజమాని కొత్త యంత్రం బిగిస్తాడు?

పొదుపు మాత్రం మన పిల్లలపై పడింది. కరోనా దెబ్బ నుంచి ఇళ్లు తేరుకోకముందే, 2022లో ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ ఉపకార వేతనాలు ఆపారు. మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను రద్దు చేశారు. విద్యాహక్కు చట్టం ఉందిగా అన్నారు. చట్టం ఫీజు తప్పించవచ్చు. ఇంటి ఖర్చు తప్పించదు. పేదింటికి అందిన రూపాయి నోటుపుస్తకాలుగా, చెప్పులుగా వెంటనే బజారుకు చేరుతుంది.

సబ్బుబిళ్లపైనా జీఎస్టీ కడుతున్న మనం కోరేది దానం కాదు, వాటా. బడ్జెట్‌కు ముందే మన ఎంపీలకు ఈ లెక్క రాసి పంపుదాం.